నడిరోడ్డు మీద బండిని ఆపేసింది... ఇంత చిన్న ముక్కా!

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో చిన్న ఇంజిన్ బొమ్మ ఒకటి ఉంటుంది, గమనించారా? తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజిన్ స్టార్టవగానే ఆరిపోతుంది. అలా ఆరిపోతున్నంత కాలం దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆరకుండా అలాగే ఉండిపోయిన రోజున మాత్రం ఇంట్లో పెద్ద చర్చ మొదలవుతుంది. పక్కింటాయన ‘పెట్రోల్ కల్తీ’ అంటాడు. బావ ‘బ్యాటరీ మార్చేయండి’ అంటాడు. మెకానిక్ బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి ‘సెన్సార్ పోయిందండీ’ అంటాడు. ఏ సెన్సార్? పోయిందని ఎలా తెలిసింది? ఎంతవుతుంది? ఈ మూడింటికీ మన దగ్గర జవాబు ఉండదు కాబట్టి ఆయన ఎంతంటే అంత.

మా ఇంట్లో ఈ చర్చ మొన్న ఎండాకాలంలో నడిచింది. మాది విజయవాడ. నాన్న కొన్న పదేళ్ల నాటి పెట్రోల్ కారు. పొద్దున్నే చక్కగా స్టార్టయ్యేది. హైవే ఎక్కి గంటా గంటన్నర నడిచాక, చప్పుడు లేదు, కుదుపు లేదు, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. బానెట్ ఎత్తి అరగంట కూర్చుంటే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది! మొదటిసారి సూర్యాపేట దాటాక. రెండోసారి కోదాడ దగ్గర. మూడోసారి కంచికచర్ల దగ్గర, రెండు లారీల మధ్య. స్టీరింగ్ దగ్గర నాన్న, వెనక సీట్లో అమ్మమ్మ.

నడుస్తున్న బండి ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందో చాలామందికి తెలీదు. స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకుకి సాయం చేసే వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. నాన్న అలవాటున్న మనిషి కాబట్టి గట్టిగా తొక్కి పక్కకి తీశారు.

ఒక సర్వీస్ సెంటర్లో చూపిస్తే ‘ఈసీఎం పోయింది’ అన్నారు. అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. ఎస్టిమేట్ 28 వేలు. ‘అమ్మేద్దాం’ అన్నారు నాన్న. ఆగిపోయే బండి అని చెప్తే ఎవరూ కొనరు. చెప్పకుండా అమ్మడం ఆయన వల్ల కాదు. అలా రెండు వారాలు బండి సెల్లార్లో కవర్ కప్పుకుని కూర్చుంది.

చివరికి తేలిందేమిటంటే, పోయింది బొటనవేలంత ముక్క. ధర 1,150 రూపాయలు. దాన్ని మా అపార్ట్‌మెంట్ ఆవరణలోనే, 10 నంబర్ పానాతో, నేనే మార్చాను. నేను చదివింది బీకామ్.

ఫోనే స్కానర్

2013 ఏప్రిల్ తర్వాత మన దేశంలో తయారైన కార్లన్నింటిలో ఓబీడీ-2 అనే వ్యవస్థ ఉంటుంది. పొగ కాలుష్యాన్ని అదుపులో పెట్టడానికి వచ్చిన నిబంధన ఇది. అమెరికాలో అయితే 1996 మోడల్ కార్ల నుంచే తప్పనిసరి. ఇంజిన్లో ఏ భాగం తేడా చేసినా కంప్యూటర్ ఆ సంగతిని ఒక కోడ్‌గా రాసి పెట్టుకుంటుంది. ఆ పసుపు బొమ్మ అర్థం ‘కోడ్ రాశాను, వచ్చి చదువుకో’ అని.

చదవడానికి డ్రైవర్ మోకాళ్ల పైన, డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అగ్గిపెట్టె సైజు అడాప్టర్‌ని అందులో గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది. ఆన్‌లైన్లో ‘ఈఎల్ఎం327’ అని వెతికితే వందల రకాలు కనిపిస్తాయి. నేను 600 పెట్టి కొన్నాను. ఐఫోన్ వాళ్లు మాత్రం చూసుకుని కొనాలి, మామూలు బ్లూటూత్ అడాప్టర్లు దానికి కలవవు, వైఫైదో బ్లూటూత్ ఎల్ఈదో కావాలి. యాప్ కోసం టార్క్, కార్ స్కానర్ లాంటివి ప్లేస్టోర్లో ఉన్నాయి, ఉచితంగా వచ్చేదే ఈ పనికి చాలు.

మా బండిలో వచ్చిన కోడ్ పి0335. ముందున్న ‘పి’ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు వ్యవహారం. తర్వాతి సున్నా అంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్. మొత్తం కలిపి ‘క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్, సర్క్యూట్లో లోపం’ అని.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కోడ్ రాగానే ఆ సెన్సార్ ఆర్డర్ పెట్టేస్తారు. కానీ చూడండి, అది ‘సెన్సార్ పోయింది’ అనలేదు. ‘సర్క్యూట్లో లోపం’ అంది. సెన్సార్, దాని తీగలు, మధ్యలో కనెక్టర్, అవతల చివర కంప్యూటర్... ఈ దారిలో ఎక్కడైనా తేడా ఉండొచ్చు. ఒంట్లో జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది, మలేరియానా టైఫాయిడా అన్నది చెప్పదు కదా. ఇంకో ఉదాహరణ, పి0171 అనే కోడ్ చాలా బండ్లలో వస్తుంది. ఇంజిన్లో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దానర్థం. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సార్ మార్చేసేవాళ్లు బోలెడు మంది. చాలాసార్లు అసలు తప్పు ఎక్కడో చీలిపోయిన రబ్బరు పైపుది. పాపం ఆక్సిజన్ సెన్సార్ ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే!

కోడ్‌తోపాటు యాప్‌లో ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అని ఉంటుంది, దాన్ని తప్పకుండా తెరవండి. లోపం కనిపించిన క్షణంలో ఇంజిన్ పరిస్థితి ఎలా ఉందో ఫొటో తీసినట్టు దాచి ఉంచుతుంది. మా దాంట్లో ఇంజిన్ వేడి 97 డిగ్రీలు. వేడెక్కాకే ఆగుతోందన్న అనుమానానికి అది మొదటి సాక్ష్యం.

ఈ ముక్క చేసే పనేంటి?

ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందకీ కదులుతుంటే, వాటి కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంటుంది. దాంతో పాటే పళ్లున్న ఒక చక్రం తిరుగుతుంది. చాలా ఇంజిన్లలో ఈ చక్రం మీద 60 పళ్లకి చోటుంటుంది, రెండు పళ్లు మాత్రం కావాలనే తీసేస్తారు. అంటే ఉండేవి 58. ఆ చక్రానికి ఒక్క మిల్లీమీటరు దూరంలో మన సెన్సార్ కూర్చుని ఉంటుంది. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ జుట్టులాంటి సన్నటి రాగి తీగ. ఒక్కో పన్ను ఎదురుగా దాటినప్పుడల్లా ఒక చిన్న కరెంటు పల్స్ పుడుతుంది. పళ్లు లేని ఖాళీ వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది కదా, అదే కంప్యూటర్‌కి గుర్తు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ ఏ పిస్టన్ ఎక్కడుందో తెలుసుకుని, సరిగ్గా ఆ క్షణానికి పెట్రోల్ చిమ్మి, నిప్పురవ్వ వేస్తుంది.

3,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ సెకనుకి 50 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 2,900 పల్స్‌లు. ఆ లెక్క ఆగిపోతే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ తిరగడం లేదని అర్థం. తిరగని ఇంజిన్‌కి పెట్రోల్ ఎందుకు? ఆపేస్తుంది. అందుకే ఆ నిశ్శబ్దం.

మరి వేడెక్కితేనే ఎందుకు? ఏళ్ల తరబడి వేడికీ చల్లదనానికీ వ్యాకోచించి ముడుచుకుని, ఆ సన్నటి తీగలో జుట్టంత పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తగులుతూనే ఉంటాయి. వేడెక్కితే విడిపోతాయి. గ్యారేజీకి తీసుకెళ్లేసరికి బండి చల్లారి ఉంటుంది, అంతా బాగానే కనిపిస్తుంది. మెకానిక్‌లను ఏడిపించే రోగం ఇది.

ముందు ఎలుకలు, తర్వాతే సెన్సార్

సెల్లార్లో పార్క్ చేసే బండికి మన ఊళ్లలో మొదటి శత్రువు ఎలుక. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, తీగల తొడుగులు పళ్లకి మెత్తగా తగులుతాయి. అందుకే నేను ముందు టార్చ్ వేసి సెన్సార్ దగ్గర నుంచి తీగ వెంట వెళ్లగలిగినంత దూరం చూశాను. కొరుకుడు లేదు. తర్వాత కనెక్టర్. వానాకాలం నీళ్లు దిగితే పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. మాది శుభ్రంగానే ఉంది.

ఇక మల్టీమీటర్. ఎలక్ట్రికల్ షాపులో మామూలుది 300కి వచ్చింది. మా సెన్సార్‌కి రెండే తీగలు. అలాంటివాటిని ఓమ్స్‌లో పెట్టి కొలవొచ్చు. చల్లగా ఉన్నప్పుడు 870 ఓమ్స్ చూపించింది. ఈ సంఖ్య బండిని బట్టి మారుతుంది, మీ మోడల్‌ది ఎంతుండాలో చూసుకోండి. మూడు తీగలుంటే అది చాలావరకు హాల్ సెన్సార్, వేరే రకం. దాన్ని ఓమ్స్‌లో కొలిస్తే ఉపయోగం లేదు. దానికి వచ్చే కరెంటు సరిగా ఉందా లేదా అని చూడాలి.

చల్లగా ఉన్నప్పటి 870తో ఏమీ రుజువు కాదు. వేడిలో చూడాలి. అందుకని మే నెల మధ్యాహ్నం బండిని సెల్లార్లోంచి ఆరుబయటికి తెచ్చి, బానెట్ మూసి, ఇంజిన్ ఆన్‌లో వదిలేశాను. సెల్లార్లో మాత్రం ఇలా చేయకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మనిషిని నిద్రపుచ్చినట్టే చంపేస్తుంది. 40 నిమిషాలకి బండి టక్కున ఆగింది. నాన్న కుర్చీలోంచి లేచి ‘అదిగో, అదే!’ అన్నారు. బండి ఆగిపోయినందుకు మేమిద్దరం సంతోషపడింది అదొక్కసారే.

వెంటనే యాప్‌లో ఆర్‌పీఎం తెరిచి, నాన్నని సెల్ఫ్ కొట్టమన్నాను. మామూలుగా సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 చుట్టుపక్కల కనిపించాలి. ఇంజిన్ గరగరా తిరుగుతోంది, ఫోన్లో మాత్రం సున్నా! తాళం తీసేసి, కనెక్టర్ ఊడదీసి మీటర్ పెట్టాను. ‘ఓఎల్’ అని చూపించింది, అంటే తీగ తెగి ఉంది. సైలెన్సర్ పైపుకి చెయ్యి తగలకుండా సెన్సార్ మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగి మళ్లీ కొలిచాను. 870. కనెక్టర్ పెట్టి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది.

28 వేల కంప్యూటర్ ఏ పాపమూ ఎరగదన్నమాట. ఇంత చూశాక కూడా నాన్నకి నమ్మకం కుదర్లేదు. ‘ఎందుకు తల్లీ నీకివన్నీ, ఎవరైనా మెకానిక్‌ని పిలుద్దాం’ అన్నారు. ‘ఇప్పటికి అయిన ఖర్చు 900 నాన్నా, ఇంకో వెయ్యి చూద్దాం’ అన్నాను.

ఆటోనగర్‌లో బేరం

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని ముక్క ఉండదంటారు. స్పేర్ పార్ట్స్ షాపాయన నన్ను చూసి ‘మెకానిక్ ఎవరమ్మా? ఆయన్ని ఫోన్ చేయమను’ అన్నారు. ‘నేనేనండీ’ అంటే ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, ఆర్సీ అడిగారు. చాసిస్ నంబర్, తయారైన సంవత్సరం, పాత సెన్సార్ మీద ఉన్న పార్ట్ నంబర్ ఫొటో, మూడూ చూపించాను. ఈ మూడూ లేకుండా షాపుకి వెళ్లకండి. ఒకే మోడల్లో కూడా సంవత్సరం మారితే కనెక్టర్ మారిపోతుంది.

అదే సెన్సార్ 350కీ ఉంది, 1,150కీ ఉంది. చూడ్డానికి కవల పిల్లలే. వేరే చోట అయితే బేరమాడేదాన్నేమో గానీ, హైవే మీద ఇంజిన్ని బతికించే ముక్కకి 800 మిగుల్చుకోవడం నాకు తెలివిగా అనిపించలేదు. హోలోగ్రామ్ చూసి, బిల్లు తీసుకుని ఖరీదైనదే తెచ్చాను. డబ్బు ఇచ్చేటప్పుడు ఆయనే ‘కొత్త ఓ-రింగ్‌కి కాస్త ఇంజినాయిల్ రాయమ్మా, లేకపోతే నలిగిపోద్ది’ అని చెప్పారు. ఇప్పుడు మాత్రం మెకానిక్‌కి చెప్పినట్టే చెప్పారు.

ఒకే ఒక్క బోల్టు

మార్చడానికి పట్టింది ముప్పావు గంట. అందులో కొంతసేపు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పెట్టడానికే. మా బండిలో సెన్సార్ గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది, ఆ డబ్బా తీస్తే పైనుంచే చెయ్యి అందుతుంది. కొన్ని బండ్లలో కిందినుంచి తప్ప అందదు. మీది అలాంటిదైతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దనే అంటాను. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి, ఇటుకలు పేర్చిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి. ఇటుక చెప్పి పగలదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా ఆగి పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. తర్వాత కనెక్టర్ లాక్. పదేళ్లు వేడిలో ఉన్న ప్లాస్టిక్ అప్పడంలా పెళుసుగా ఉంటుంది, తీగ పట్టి లాగితే తీగ చేతికొస్తుంది, లాక్ నొక్కి కనెక్టర్‌నే పట్టి లాగాలి. అప్పుడు 10 నంబర్ బోల్టు ఒక్కటి. అది విప్పాక సెన్సార్ బయటికి రావాలి.

రాలేదు! ఈ పని మొత్తంలో నిజంగా ఓపిక కావాల్సింది ఇక్కడే. పాత ఓ-రింగ్ గట్టిపడి అతుక్కుపోతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాలనిపిస్తుంది. ఎత్తితే తల విరిగి చేతికొచ్చి, మిగతా సగం ఇంజిన్లోనే ఉండిపోతుంది, అప్పుడు 1,150 పని ఎంత పెద్దదవుతుందో చెప్పలేం. డబ్ల్యూడీ-40 కొట్టి పావుగంట ఆగి, సెన్సార్‌ని సీసా మూత తిప్పినట్టు అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే, ఆరేడు నిమిషాలకి ‘టప్’మని వదిలింది. కొన అయస్కాంతం కాబట్టి దానికి నల్లటి ఇనుప రజను అంటుకుని ఉంది. సన్నటి బూడిదలా ఉంటే ఫర్వాలేదు. ముక్కలు ముక్కలుగా ఉంటే మాత్రం ఇంజిన్ లోపల వేరే గొడవ ఉందని అర్థం, అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రంధ్రంలోకి మట్టి పడకుండా చుట్టూ గుడ్డతో తుడిచి, కొత్తదాని ఓ-రింగ్‌కి ఆయిల్ రాసి, వేలితో నొక్కితే కూర్చుంది. బోల్టుని మొదట చేత్తోనే తిప్పాలి. అవతల ఉన్నది అల్యూమినియం, బలం చూపిస్తే మరలు అరిగిపోతాయి. పానాతో బిగుతు తగిలాక ఇంకొంచెం, అంతే. కనెక్టర్ ‘క్లిక్’ అనేదాకా నొక్కి, ఫిల్టర్ డబ్బా పెట్టి, చివరగా బ్యాటరీ తీగ బిగించాను. యాప్‌లో పాత కోడ్ చెరిపేశాను. కొన్ని కంపెనీల బండ్లకి కొత్త సెన్సార్‌ని స్కానర్‌తో మళ్లీ నేర్పించాల్సి ఉంటుంది, మాన్యువల్లో ‘రీలెర్న్’ అన్న మాట ఉందేమో చూసుకోండి. మా దానికి ఆ అవసరం రాలేదు.

వీటి జోలికి మాత్రం వద్దు

ఒక సెన్సార్ మార్చాక చెయ్యి ఊరుకోదు, ఇంకేదో విప్పాలనిపిస్తుంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ దాకా ఫర్వాలేదు, ఇంజిన్ చల్లగా ఉంటే చాలు. కానీ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి, ముట్టుకోకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణం తీసేంత కరెంటువి. డీజిల్ కామన్ రైల్ ఇంజిన్లో ఆ రైలు పైపులో ఒత్తిడి వెయ్యి బార్‌ల పైనే ఉంటుంది. మన టైర్లో ఉండేది రెండు బార్‌ల పైచిలుకు, పోల్చుకోండి. ఇక బండి వారంటీలో ఉంటే పానా పక్కన పెట్టి నేరుగా కంపెనీ సర్వీస్‌కే వెళ్లండి, ఉచితంగా అయ్యే పనికి మనం చెయ్యి నల్లగా చేసుకోవడం ఎందుకు?

సెన్సార్ మార్చిన మర్నాడు మళ్లీ అదే ఆరుబయట, అదే ఎండలో గంటన్నర ఇంజిన్ నడిపాం. ఆగలేదు. వారం రోజులు ఊళ్లోనే తిప్పి, ఆ తర్వాత నాన్నా నేనూ సూర్యాపేట దాకా వెళ్లొచ్చాం. వెళ్లేటప్పుడు నేను, వచ్చేటప్పుడు ఆయన. అమ్మమ్మని ఎక్కించుకోలేదు, అది రెండో ట్రిప్పుకి పెట్టుకున్నాం. కంచికచర్ల వచ్చేసరికి నాన్న ఎడమ లైన్లోకి మారి, స్పీడు తగ్గించి, చెవి పెట్టి విన్నారు. నేను ఫోన్లో ఆర్‌పీఎం చూస్తున్నాను. అంకెలు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి.

ఇప్పటికి మూడు నెలలైంది, కోడ్ తిరిగి రాలేదు. అడాప్టర్‌ని మాత్రం బండికే వదిలేయకుండా తీసి డ్రాయర్లో పెడుతున్నాను, గుచ్చి ఉంచితే రాత్రంతా బ్యాటరీ తాగుతుంది. డ్రాయర్లో అది ఎక్కువ రోజులు ఉండటం లేదు లెండి. నిన్న మూడో ఫ్లోర్ ఆంటీ పట్టుకెళ్లారు. వాళ్ల బండిలో పి0171 వచ్చిందట, ఆక్సిజన్ సెన్సార్‌కి ఆర్డర్ పెట్టబోతుంటే ఆపాను. ఆదివారం వెళ్లి ముందు రబ్బరు పైపులు చూడాలి.